దిమాష్ కుదైబెర్గెన్ పాటలు: కజక్ గానంలో వేదన

దిమాష్ కుదైబెర్గెన్ (జననం: 1994 మే 24, అక్తోబే) కజకిస్తాన్‌కు చెందిన గాయకుడు, స్వరకర్త. పూర్తి పేరు దిన్‌ముహమ్మద్ కనాతులీ కుదైబెర్గెన్. ఐరోపా శాస్త్రీయ గాత్రం, పాప్ సంగీతం, కజక్ జానపదం, ఈ మూడూ ఒకే పాటలో ఇమిడేలా పాడతాడు. 2017లో ఒక చైనా టెలివిజన్ పోటీ ద్వారా బయటి ప్రపంచానికి తెలిశాడు. మంద్రంలోంచి తారస్థాయి దాటి పైకి వెళ్ళే గొంతు గురించి పత్రికలు ఎక్కువగా రాశాయి. కానీ అతని పాట విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళను కదిలించింది ఆ ఎత్తు ఒక్కటే కాదు. ఆ పాటల వెనక దుఃఖాన్ని పాటగా మలచుకోవడంలో శతాబ్దాల అనుభవం ఉన్న ఒక సంచార జాతి సంప్రదాయం ఉంది. ఈ వ్యాసం ముందు ఆ సంప్రదాయాన్ని, తర్వాత దిమాష్ పాటలను పరిచయం చేస్తుంది.

కజక్ పాట: ప్రధాన రూపాలు

కజక్ సంగీతంలో మాటతో పాడే పాటను 'ఎన్' అంటారు. మాట లేకుండా వాద్యం మీద వాయించే రచన 'కుయ్'. వీరగాథల్ని సుదీర్ఘంగా గానం చేయడం 'జిర్'. ఇద్దరు కవులు దోంబ్రా పట్టుకుని ఎదురెదురుగా కూర్చుని, అప్పటికప్పుడు పద్యం కట్టి పోటీపడేది 'ఐతీస్'. దోంబ్రా కుయ్ కళను 2014లో, ఐతీస్‌ను కజక్, కిర్గిజ్ జాతుల ఉమ్మడి కళగా 2015లో యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

పాటకు ఎక్కువగా వాడే ఛందస్సు 'కరా ఒలెంగ్'. పాదానికి పదకొండు అక్షరాలు. వీరగాథలకు ఏడెనిమిది అక్షరాల పొట్టి పాదం. చరణం తర్వాత 'కైర్మా' అనే పల్లవి వస్తుంది. అందులో అర్థమున్న మాటల కంటే 'అహావ్', 'ఒయ్', 'ఆయ్' వంటి ఊతపదాలు ఎక్కువగా ఉంటాయి. మధ్య కజకిస్తాన్‌లోని ఆర్కా ప్రాంతపు పాటలు చాలావరకు పైస్థాయిలో ఒక పెద్ద కేకతో మొదలవుతాయి. చెట్టూ గోడా అడ్డం లేని మైదానంలో దూరాన ఉన్నవాడికి వినపడాల్సిన గొంతు అది. ప్రాంతాన్ని బట్టి పాడే తీరు మారుతుంది. పశ్చిమాన ముహిత్ మెరాలీఉలీ (1841–1918) పేరుతో ఒక బాణీ ఉంది. ఆగ్నేయాన జెతీసూ ప్రాంతానికి కెనెన్ అజెర్‌బాయెవ్ (1884–1976) ప్రతినిధి. సిర్ దర్యా నది తీరంలో జిర్ గాయకులదే పైచేయి.

జీవిత ఘట్టాల పాటలు

కజక్ సమాజంలో పుట్టుక నుంచి చావు దాకా ప్రతి మలుపుకూ ఒక పాట ఉంది. పెళ్ళిలో కుర్రవాళ్ళు, అమ్మాయిలు రెండు జట్లుగా నిలబడి ఒకరికొకరు బదులిస్తూ పాడేది 'జార్-జార్'. కొత్త కోడలి ముసుగు తీస్తూ అత్తింటివాళ్ళను ఒక్కొక్కరినే పరిచయం చేసేది 'బెతాషార్'. పుట్టిల్లు విడిచివెళ్ళే పిల్ల ఏడుస్తూ పాడేది 'సింసూ'. తెలుగువారికి వెంటనే అప్పగింతల పాటలు గుర్తొస్తాయి. తేడా ఒకటుంది. అప్పగింతల పాట పెద్ద ముత్తయిదువలు పిల్లకు బుద్ధులు చెబుతూ పాడేది. సింసూ పిల్ల తన గొంతుతో తానే పాడేది.

మరణం చుట్టూ ఉన్న పాటలు ఇంకా సూక్ష్మంగా విభజించి ఉన్నాయి. చావు కబురు తెలపడానికి 'ఎస్తిర్తూ', అయినవాళ్ళను ఓదార్చడానికి 'కోంగిల్ ఐతూ', చనిపోయినవారి గుణగణాలు తలచుకుంటూ ఇంటి ఆడవాళ్ళు పాడే శోకానికి 'జోక్తావ్', ఊరినో మనుషులనో ప్రాణాన్నో విడిచిపోతూ చెప్పే వీడ్కోలుకు 'కోష్తాసూ' అని పేర్లు. పూర్వం జోక్తావ్ ఏడాది పొడుగునా, ఆబ్దికం విందు జరిగేదాకా సాగేది. చావు కబురును మామూలు మాటల్లో చెప్పకూడదనీ, పాటగా చెబితే వినేవాడు తట్టుకోగలడనీ నమ్మిన జాతి అది.

దుఃఖం చెప్పే వాద్యాలు

దోంబ్రా రెండు తీగల వాద్యం. బుర్ర భాగం సాధారణంగా బేరిపండు ఆకారంలో ఉంటుంది, మెడ సన్నగా పొడుగ్గా ఉంటుంది. పై పలక మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం ఎలా వచ్చిందో చెప్పే కథే 'అక్సాక్ కులాన్' (కుంటి అడవిగాడిద) కుయ్. జోచీ ఖాన్ కొడుకు వేటకు వెళ్ళి అడవిగాడిదల మందలో చిక్కి చనిపోతాడు. ఈ కబురు నోటితో చెప్పినవాడి గొంతులో కరిగిన సీసం పోయిస్తానని ఖాన్ ముందే హెచ్చరించి ఉంటాడు. ఎవరికీ ధైర్యం చాలదు. కెత్‌బుగా అనే వాద్యకారుడు వచ్చి ఖాన్ ముందు కూర్చుని, పెదవి విప్పకుండా దోంబ్రా వాయిస్తాడు. గుర్రపు డెక్కల చప్పుడు, మంద పరుగు, కుంటి జంతువు అడుగుల తడబాటు, ఆపైన ఒక్కసారిగా నిశ్శబ్దం. ఖాన్‌కు అర్థమవుతుంది. కబురు చెప్పింది మనిషి కాదు, దోంబ్రా. కాబట్టి సీసం దోంబ్రాలోనే పోయిస్తాడు. కాలిన చోటే ఆ రంధ్రం.

'జెతిగెన్' ఏడు తీగల వాద్యం. కరువులో ఏడుగురు కొడుకులను ఒకరి తర్వాత ఒకరిని పోగొట్టుకున్న ముసలితండ్రి, కొడుకు పోయినప్పుడల్లా ఒక ఎండుదుంగ మీద ఒక్కో తీగ కట్టాడని దాని పుట్టుక గురించి చెప్పుకుంటారు. గుర్రపువెంట్రుకల తీగలతో, కమానుతో వాయించే 'కోబిజ్'కు మూలపురుషుడు కోర్కిత్. మరణాన్ని తప్పించుకోవాలని దిక్కుదిక్కులా తిరిగిన అతనికి ఎక్కడికి వెళ్ళినా తన సమాధి తవ్వుతున్నవాళ్ళే కనిపించారట. చివరికి సిర్ దర్యా నీటి మీద కంబళి పరచుకుని కోబిజ్ వాయిస్తూ కూర్చున్నాడు. వాయిస్తున్నంతసేపూ చావు దగ్గరకు రాలేకపోయింది. కునుకుపట్టిన క్షణంలో పాము కాటేసింది.

ఈ కథలన్నీ ఒకే మాట మీద నిలిచి ఉన్నాయి: మాట ఆగిపోయిన చోట నాదం ఆ పని అందుకుంటుంది. దిమాష్ పాటలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి లేదు.

చరిత్ర: బిర్జాన్ నుంచి ఒపేరా వరకు

1723లో జుంగార్లనే పొరుగుజాతి దాడికి గురై కజక్ తెగలు పశువులనూ గుడారాలనూ వదిలి కాలినడకన పారిపోయాయి. ఆ విపత్తును 'అక్తబాన్ షుబిరిందీ' అంటారు. 'ఎలిమ్-ఆయ్' (అయ్యో నా జనమా) అనే పాటను జనస్మృతి ఆ సంఘటనతోనే ముడిపెడుతుంది. జాతి మొత్తం కలిసి పాడుకునే జోక్తావ్ అది.

19వ శతాబ్దంలో ఆర్కా ప్రాంతంలో పాటను వృత్తిగా, జీవితంగా ఎంచుకున్న గాయకులు వచ్చారు. బిర్జాన్ సాల్ (1834–1897), అఖాన్ సెరీ (1843–1913), జయావ్ మూసా (1835–1929) వారిలో ముఖ్యులు. అఖాన్ 'కులాగెర్' అనే పాట తన పందెపు గుర్రం కోసం కట్టాడు. సాగినాయ్ అనే సంపన్నుడి ఆబ్దికం విందులో జరిగిన గుర్రప్పందెంలో అన్నిటికంటే ముందు వస్తున్న కులాగెర్‌ను, ఓర్వలేనివాళ్ళు దారి కాచి నుదుటి మీద గొడ్డలితో కొట్టి చంపారు. అఖాన్ ఆ గుర్రం తల దగ్గర కూర్చుని, మనిషి పోతే పాడే శోకాన్ని పాడాడు. పశువు కోసం పాడిన ఆ జోక్తావ్ కజక్ పాటల్లో అగ్రస్థానంలో ఉండడం ఆ జాతికి గుర్రంతో ఉన్న బంధాన్ని చెబుతుంది. కవి ఇలియాస్ జాన్సుగురోవ్ 1936లో ఇదే కథను 'కులాగెర్' పేరుతో కావ్యంగా రాశాడు. మహాకవి అబాయ్ (1845–1904) ఇదే కాలంలో రష్యన్, ఐరోపా బాణీల ప్రభావంతో కొత్తతరహా పాటలు కట్టాడు.

సంగీత పరిశోధకుడు అలెగ్జాండర్ జతాయేవిచ్ (1869–1936) గాయకుల నోట విన్నవాటిని స్వరలిపిలో రాసుకుని 1925లో వెయ్యి పాటల సంపుటాన్ని, 1931లో మరో 500 పాటలు, కుయ్‌ల సంపుటాన్ని వెలువరించాడు. 1925లోనే అమ్రే కషావుబాయెవ్ (1888–1934) పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో పాడాడు. కజక్ గొంతు పశ్చిమ ఐరోపా వేదిక మీద వినిపించడం అదే మొదలు. 1930ల తొలి ఏళ్ళలో బలవంతపు సమష్టి వ్యవసాయం తెచ్చిన కరువుకు పదిలక్షలమందికి పైగా కజక్‌లు బలయ్యారు. ఆ కరువు నీడలోనే 1934లో 'కిజ్ జిబెక్' ఒపేరా వేదిక ఎక్కింది. అందులో నాయిక పాత్ర పాడిన కుల్యాష్ బైసెయితోవా (1912–1957) 1936లో సోవియట్ యూనియన్ ప్రజా కళాకారిణి బిరుదు పొందింది. తర్వాతి తరాల్లో రోజా బగ్లానోవా, బిబిగుల్ తులెగెనోవా, 1977లో బల్గేరియాలో 'గోల్డెన్ ఓర్ఫియస్' పోటీలో గెలిచిన రోజా రిమ్‌బాయెవా ఈ గొంతుకు కొత్త వేదికలు చూపించారు.

దిమాష్: జీవితం, వేదికలు

దిమాష్ పుట్టిన అక్తోబే దేశానికి పశ్చిమాన ఉన్న నగరం. తల్లిదండ్రులు స్వెత్లానా, కనాత్ ఇద్దరూ వృత్తి గాయకులు. ఇంటి తొలి మనవడిని తాతయ్య నాయనమ్మల దగ్గర పెంచడం కజక్ ఆచారం. దిమాష్ కూడా అలాగే పెరిగాడు. అక్తోబేలోని జుబానోవ్ విశ్వవిద్యాలయంలో ఇటాలియన్ 'బెల్ కాంతో' పద్ధతిలో శాస్త్రీయ గాత్రం నేర్చుకుని, ఆ తర్వాత అస్తానాలోని కజక్ జాతీయ కళా విశ్వవిద్యాలయంలో చదివాడు. దోంబ్రా, పియానో, డ్రమ్స్ వాయిస్తాడు.

2015లో బెలారుస్‌లోని వీతెబ్స్క్‌లో ఏటా జరిగే 'స్లావియాన్‌స్కీ బజార్' పోటీలో గ్రాండ్ ప్రీ గెలిచాడు. 2017 జనవరిలో హునాన్ టీవీ వారి 'సింగర్' పోటీలో చైనా ప్రేక్షకుల ముందుకు వచ్చి, శాండీ లామ్ తర్వాత రెండో స్థానంలో నిలిచాడు. అదే ఏడాది జూన్ 27న అస్తానాలో తొలి సొంత కచేరీ 'బస్తావ్' (ఆరంభం) జరిగింది. 2019 జూన్ 29న 30,000 మంది పట్టే అస్తానా అరేనాలో 'అర్నావ్' (అంకితం) కచేరీ ఇచ్చాడు. అప్పటికి మూడు నెలల ముందే నగరం పేరు నూర్-సుల్తాన్‌గా మారింది. 2022లో మళ్ళీ అస్తానా అయింది. 2019 డిసెంబర్ 10న న్యూయార్క్‌లోని బార్‌క్లేస్ సెంటర్‌లో పాడాడు.

'ఎస్.ఓ.ఎస్.': ఒక పాట నిర్మాణం

దిమాష్ పేరు చెప్పగానే ముందుగా గుర్తొచ్చే పాట కజక్ పాట కాదు, ఫ్రెంచి పాట. పూర్తి పేరుకు అర్థం 'ఆపదలో ఉన్న ఒక భూవాసి పిలుపు'. 1978లో వచ్చిన 'స్టార్‌మానియా' రాక్ ఒపేరా కోసం మిషెల్ బెర్జే స్వరపరిచాడు, లుక్ ప్లామొండొన్ రాశాడు. మొదట పాడినవాడు డేనియల్ బలావోయిన్. బతుకుతో సర్దుకోలేని ఒక యువకుడు తన పుట్టుకనే ప్రశ్నించుకునే పాట ఇది. ఫ్రాన్స్‌లో దీన్ని మళ్ళీ జనం నోట నిలిపిన గ్రెగరీ లెమార్షల్ ఊపిరితిత్తుల జబ్బుతో 2007లో 23 ఏళ్ళకే చనిపోయాడు. అందువల్ల ఫ్రెంచి శ్రోతకు ఈ పాట వెనక ఆ కుర్రవాడి ఊపిరి కూడా వినిపిస్తుంది.

'సింగర్' పోటీలో దిమాష్ ఎంచుకున్న మొదటి పాట ఇదే. చైనా ప్రేక్షకులకు ఫ్రెంచి రాదు, గాయకుడికి అది మాతృభాష కాదు. మొదటి చరణం మధ్యస్థాయికి కింద, దాదాపు మాట్లాడుతున్నట్టు నడుస్తుంది. ప్రతి పాదం చివర గొంతు కాస్త దింపి వదిలేస్తాడు. చివరి అక్షరాన్ని సాగదీయడు. పల్లవి దగ్గర స్వరం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ ఎత్తులో గొంతు గట్టిపడకుండా, పలచనైన శిరోస్వరంలోకి జారుకుంటుంది. సాధారణ గాయకుడు బలం చూపే చోట ఇతను బలహీనత వినిపిస్తాడు. రెండోసారి పల్లవి వచ్చేసరికి అదే ఎత్తును నిండు గొంతుతో అందుకుంటాడు. ముగింపుకు వచ్చేసరికి మాటలు అయిపోతాయి. స్వరం మాత్రం మాట లేకుండా ఇంకా పైకి పోతుంది. కెత్‌బుగా దోంబ్రా చేసిన పని ఇక్కడ గొంతు చేస్తుంది. పాట అర్థం తెలియని శ్రోతకు కూడా కబురు అందేది ఆ మాటల్లేని భాగంలోనే. 2021లో వీతెబ్స్క్ వేదిక మీద ఇదే పాట మళ్ళీ పాడినప్పుడు ఆర్భాటం తగ్గింది, కింది స్వరాల బరువు పెరిగింది. రెండింటిలో రెండోదే పరిణతి ఉన్నది.

పాటల రకాలు

దిమాష్ పాడినవాటిని స్థూలంగా నాలుగు పాయలుగా చూడవచ్చు. హద్దులు గట్టివి కావు.

మొదటిది జానపదం. 'దైదిదావ్' ప్రేమ పాట. చైనా పోటీలోనే దీన్ని కజక్ భాషలో పాడాడు. 'సమల్తావ్' కథ వేరు. 1916 జూన్‌లో రష్యా చక్రవర్తి మధ్య ఆసియాలోని 19 నుంచి 43 ఏళ్ళ మగవాళ్ళను యుద్ధరంగం వెనక కూలిపనులకు పట్టుకుపొమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. గడ్డిమైదానమంతా తిరుగుబాటు రగిలింది. ఇల్లు వదిలి పోవలసివచ్చిన కుర్రవాడి పాటగా 'సమల్తావ్' ఆ కాలం నుంచి నిలిచింది. కోష్తాసూ లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి: విడిచిపోతున్న నేల పేరు, అమ్మానాన్నల తలపు, తిరిగి వస్తానో రానో అన్న సందేహం. ఈ పాటలో దిమాష్ గొంతు విన్యాసాలు దాదాపు చేయడు. పాట అడగని అలంకారం పెట్టకపోవడం కూడా విద్యే.

రెండోది ఐరోపా బాణీ భావగీతాలు. రష్యన్ స్వరకర్త ఇగోర్ క్రుతోయ్ అతని గొంతుకు సరిపడేలా కట్టినవి ఇందులో ప్రధానం. 'అలసిన హంసల ప్రేమ', 'ఒలింపికో' వాటిలో కొన్ని. నిదానంగా మొదలై ఆర్కెస్ట్రాతో పాటు ఎగసే ఈ పాటల్లో కరుణ కాస్త ముందుగానే ఊహకు అందుతుంది. అయినా 'అలసిన హంసల ప్రేమ'లో నిండు గొంతు నుంచి పలచని గొంతుకు మారే చోట్లు అతుకు కనిపించనంత నున్నగా ఉంటాయి.

మూడోది ఇతరుల ప్రసిద్ధ గీతాలను తన తీరులో పాడడం. ఆద్రియానో చెలెంతానో 'కన్ఫెస్సా'కు 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' సినిమాలోని దివా గానాన్ని జోడించి పాడడం దీనికి ఉదాహరణ. ఇవి చప్పట్లు తెచ్చినంతగా కన్నీళ్ళు తెచ్చిన పాటలు కావు.

నాలుగోది సొంత రచనలు. వాటిలో పెద్దది 2022 సెప్టెంబర్ 25న విడుదలైన 'ద స్టోరీ ఆఫ్ వన్ స్కై'. పన్నెండు నిమిషాలకు పైగా సాగే ఈ యుద్ధవ్యతిరేక గీతానికి కథ, సంగీతం దిమాష్‌వే. ఒకే ఆకాశం కింద వేరువేరు మతాలవారు ఒకరినొకరు చంపుకోవడం దృశ్యరూపంలో కనిపిస్తుంది. మెల్లని ఆరంభం, రాక్ సంగీతపు ఉధృతి, మాటల్లేని ఆలాపన ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పాప్ పాట కొలతకు లొంగని ఈ నిడివి, జిర్ గాయకుల దీర్ఘకథనానికి దగ్గరగా ఉంటుంది.

గొంతు పనితీరు

కంఠంలోని స్వరతంత్రులు మందంగా, పూర్తిగా కలిసి కంపించినప్పుడు నిండు గొంతు (ఛాతీ స్వరం) పుడుతుంది. తంత్రులు సాగి పలచబడి అంచులు మాత్రమే కంపిస్తే పలచని గొంతు (శిరోస్వరం) వస్తుంది. ఇంకా పైన, తంత్రుల మధ్య సన్నని సందులోంచి గాలి దూరినప్పుడు ఈలను పోలిన స్వరం వస్తుంది. ప్రతి గాయకుడికీ ఈ స్థాయిల మధ్య ఒక గట్టు ఉంటుంది. గట్టు దాటేటప్పుడు గొంతు విరిగినట్టు వినపడుతుంది. ఊపిరిని పొట్ట కండరాలతో అదుపు చేస్తూ, ఆ గట్టు చెవికి తెలియకుండా చేయడమే బెల్ కాంతో సాధనలో పెద్ద భాగం.

దిమాష్ గొంతు పరిధి ఆరు ఆక్టేవులని పత్రికల్లో తరచు కనిపిస్తుంది. అలాంటి లెక్కల్లో ఈల స్వరాలను, పాటలో నిలకడగా వాడలేని అట్టడుగు స్వరాలను కలపడం మామూలే. వినేవారికి అందులో ముఖ్యమైనది అంకె కాదు. శిక్షణలో దాచడం నేర్చుకున్న గట్టును అతను కొన్ని చోట్ల కావాలనే తెరిచి చూపుతాడు. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడే మనిషి గొంతు విరిగేది కూడా ఆ గట్టు దగ్గరే. వినేవారి ఒళ్ళు దాన్ని మెదడు కంటే ముందు గుర్తుపడుతుంది.

శ్రోతలు, ఆదరణ

దిమాష్ అభిమానులు తమను 'డియర్స్' అని పిలుచుకుంటారు. వివిధ దేశాలలో, వివిధ భాషలలో ఉన్న వీరిలో మధ్యవయసు దాటినవారూ చాలామందే. కచేరీ కోసం కజకిస్తాన్ వెళ్ళినవాళ్ళు, పాటల కోసం కజక్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళు, దోంబ్రా చేతపట్టినవాళ్ళు ఉన్నారు. అతను పదికి పైగా భాషల్లో పాడాడు. ఆర్కెస్ట్రా హోరు, ఎత్తైన స్వరాల ప్రదర్శన పాటను మింగేస్తాయన్న ఫిర్యాదు కొందరు శ్రోతల్లో ఉంది. కొన్ని టెలివిజన్ ప్రదర్శనల విషయంలో ఆ మాట నిజమే. జానపదాల దగ్గర అది నిలవదు.

'కరాగిమ్-ఆయ్' అనే జానపదగీతం అందుకు సాక్ష్యం. 'కరాగిమ్' పెద్దవాళ్ళు పిన్నలను దగ్గరకు తీసుకుంటూ పిలిచే పిలుపు, మన 'నా కన్నా' వంటిది. దాని చివర చేరే 'ఆయ్'కి విడిగా అర్థం లేదు. ముద్దు, జాలి, బెంగ, ఏది చేరినా చేరవచ్చు. 'ఎలిమ్-ఆయ్'లో ఉన్నదీ ఆ అక్షరమే. దిమాష్ ఆ 'ఆయ్' దగ్గర స్వరాన్ని పెంచడు, ఊపిరి ఉన్నంతసేపు నిలబెట్టి మెల్లగా వదిలేస్తాడు.